మొదటి 28 దినములు

పెంటయ్య, పెంటమ్మ, భిక్షపతి, భిక్షమయ్య - ఈ పేర్లు శ్రీరాంపూర్ ప్రాంతమున ఎవరికిని క్రొత్తవి కావు. గోదావరికి ఇరుప్రక్కల నున్న పల్లెలనుండి బొగ్గుగనులకు పనికి వచ్చిన పాతతరమువారిలో ఈ పేర్లవారు పెక్కుమంది కలరు. వానిని విని నవ్వుకొను చిన్నవారును కలరు. కాని ఆ పేర్ల వెనుకనున్న కథ నవ్వదగినది కాదు. పుట్టిన బిడ్డలు వరుసగా దక్కకపోయిన ఇంట మరల ఒక బిడ్డ పుట్టినపుడు, ఆ బిడ్డను పెంటకుప్పపై పడుకొనబెట్టి, ఇది మాకు అక్కరలేని బిడ్డ యన్నట్లు నటించి, వేరొకరిచేత ఎత్తించి తెచ్చుకొనెడివారు. లేదా ఇది దేవుడు పెట్టిన భిక్షయని చెప్పుకొనెడివారు. మృత్యువు కన్ను ఆ బిడ్డపై పడకుండుటకు తల్లిదండ్రులు పన్నిన ఉపాయమది. ఒక్కొక్క పెంటయ్య పేరులో, అతనికంటె ముందు పుట్టి పోయిన అన్నయో అక్కయో దాగియున్నారు.

మన యిండ్లలోని ముసలమ్మలను "నీకెందరు పిల్లలమ్మా?" యని అడిగినచో మేము చిన్ననాడు విన్న సమాధానము ఒక్కటే తీరుగ నుండెడిది. "కన్నది ఏడుగురిని, దక్కినది నలుగురు." పంట లెక్క చెప్పినట్లు చెప్పెడివారు. ఆ పోయిన ముగ్గురికి చాలవరకు పేరు కూడ ఉండెడిది కాదు. బారసాల జరుగుటకు ముందే వారు వెళ్లిపోయిరి.

ఆ కాలము గడచినదని మనము సంతోషింపవచ్చును. 1971లో మన దేశమున సజీవముగా పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో 129 మంది మొదటి పుట్టినరోజు చూడకుండనే మరణించిరి. 2020 నాటికి ఆ సంఖ్య 28కి దిగినది. తెలంగాణ రాష్ట్రమున అదే సంవత్సరమున 21 మాత్రమే. అయితే ఈ 21ని కొంచెము విప్పిచూడవలెను. అందులో 15 మరణములు మొదటి 28 దినములలోనే సంభవించినవి. అనగా ఏడాదిలోని మూడువందల అరువదియైదు దినములలో మొదటి నెలయే నూటికి డెబ్బది పాళ్ల మరణములను మోయుచున్నది. అందులోను మొదటి వారము మరింత గడ్డుకాలము. టీకాలు, మంచినీరు, మందులు పెద్దబిడ్డలను కాపాడినంతగా ఈ పసికందులను కాపాడలేదు. వీరికి కావలసినది వేరు.

ఆసుపత్రి గడప దాటిన పిదప

ఈ శిశువులు ఏల మరణింతురు? ముఖ్యముగా మూడు కారణములు. నెలలు నిండకుండ లేదా తక్కువ బరువుతో పుట్టుట ఒకటి. పుట్టిన వెంటనే ఊపిరి అందకపోవుట రెండవది. రక్తమునకో ఊపిరితిత్తులకో సూక్ష్మజీవులు సోకుట మూడవది. వీనిలో రెండవదానికి విరుగుడు కాన్పు సమయమున శిక్షణ పొందిన చేయి దగ్గరనుండుట. ఇది ఇంట జరుగు పని కాదు. కావుననే కాన్పు ఆసుపత్రిలో జరుగవలెనని ఇన్నేండ్లుగా చెప్పుచు వచ్చిరి. ఆ మాట మన ప్రజలు విన్నారు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణమున నూటికి 97 కాన్పులు ఆసుపత్రులలోనే జరిగినట్లు తేలినది.

మరి ఇంటిమాట ఇంకను ఎందులకు? ఏలయన, అదే సర్వేలో ఇంకొక సంఖ్య కలదు. పుట్టిన గంటలోపల తల్లిపాలు త్రాగిన బిడ్డలు నూటికి సుమారు 37 మంది మాత్రమే. నూటికి 97 మంది వైద్యుల చెంతనే పుట్టుచున్నారు. కాని పైసా ఖర్చులేని మొదటి మందు వారిలో సగముమందికి గూడ వేళకు అందుటలేదు. రెండవ కారణము, ఆసుపత్రివాసము కొలది దినములతో ముగియును. ఆపైన బిడ్డ క్వార్టరుకు వచ్చును. లేదా మన ఆచారము చొప్పున బాలింతతోకూడ పుట్టినింటికి, జైపూరు, చెన్నూరు, కోటపల్లి వైపున నున్న ఏదో పల్లెకు పోవును. 28 దినములలో ఇరువదికి పైగా అచటనే గడచును. ఆ దినములలో బిడ్డకు వైద్యుడు తల్లియే, నర్సు అమ్మమ్మయే.

ప్రాణహిత ఆవలి సాక్ష్యము

ఇంటి సంరక్షణవలన ప్రాణములు నిజముగా నిలుచునా అని సందేహించువారికి సమాధానము మనకు దవ్వున లేదు. మంచిర్యాల జిల్లా తూర్పు అంచున ప్రాణహిత దాటినచో మహారాష్ట్రములోని గడ్చిరోలి జిల్లా వచ్చును. అందలి సిరొంచ ప్రాంతమున తెలుగు మాటాడువారు నేటికిని కలరు. అడవులు, పేదరికము, ఆసుపత్రికి దూరము - అన్నియు మన ఎరిగినవే. ఆ జిల్లాలో వైద్యదంపతులు అభయ్ బంగ్, రాణీ బంగ్ 1986లో 'సెర్చ్' అను సంస్థను స్థాపించి పల్లెలలో పనిచేయసాగిరి.

వారు మొదట చేసిన పని లెక్కించుట. పల్లెలలో పుట్టిన ప్రతి శిశువును ఇంటికి పోయి చూచి వ్రాసికొనిరి. నూటికి సుమారు 42 మంది తక్కువ బరువుతో పుట్టుచున్నారని తేలినది. సగమునకు పైగా శిశువులకు వైద్యసహాయము అవసరము కాగా, నూటికి ముగ్గురికి గూడ అది అందుటలేదు. ఆసుపత్రికి పొండని చెప్పుట సులభము, పోవువారు లేరు. కావున ఆసుపత్రి తెలివినే ఇంటికి పంపవలెనని వారు నిశ్చయించిరి.

1995 నుండి 39 గ్రామములలో కొలదిపాటి చదువు నేర్చిన స్థానిక స్త్రీలను ఎన్నుకొని శిక్షణ ఇచ్చిరి. వారికి ఆరోగ్యదూతలని పేరు. బిడ్డను తూచుట, ఒంటి వేడిమి చూచుట, నిమిషమునకు ఎన్ని ఊపిరులో లెక్కించుట, ఊపిరి తీయని శిశువుకు గాలిసంచితో ఊపిరి అందించుట, సూక్ష్మజీవులు సోకినట్లు తోచిన శిశువును గుర్తించి ఇంటనే మందును సూదిని ఇచ్చుట వారికి నేర్పిరి. చలికి బిడ్డను వెచ్చగా చుట్టు సంచి కూడ వారి సామగ్రిలో నుండెను. ఫలితమేమి? 1993-95లో ఆ గ్రామములలో వేయికి 62 మంది శిశువులు మొదటి నెలలో మరణించుచుండగా 1997-98 నాటికి ఆ సంఖ్య సుమారు 25కి తగ్గినది. ఈ సేవ లేని 47 ఇరుగుపొరుగు గ్రామములలో అట్టి తగ్గుదల కనబడలేదు. ఒక్కొక్క శిశువుకు అయిన ఖర్చు సుమారు 5 డాలర్లు. 1999లో ఈ ఫలితములు 'లాన్సెట్' అను వైద్యపత్రికలో వెలువడినవి. 2011లో భారత ప్రభుత్వము ఇంటివద్ద నవజాత శిశు సంరక్షణను ఆశా కార్యకర్తల ద్వారా దేశమంతట చేపట్టినది. నేడు మన వాకిట నిలుచు ఆశా కార్యకర్త చేతిసంచిలోని తూనిక, థర్మామీటరు ఆ వరుసలోనివే.

ఇక ఆ తెలివి ఏమిటో చూతము. అది నాలుగు మాటలలో నిముడును. వెచ్చదనము, పాలు, శుభ్రత, కావలి.

వెచ్చదనము

పసికందు ఒడలు చిన్నది. బరువును బట్టి చూచిన చర్మము విశాలమైనది. కావున పెద్దలకంటె త్వరగా వేడిమి కోల్పోవును. తడితో పుట్టిన బిడ్డ తడి ఆరునపుడు మరింత చల్లబడును. చల్లబడిన బిడ్డ పాలు చప్పరింపలేదు. పాలు త్రాగని బిడ్డ మరింత చల్లబడును. ఈ చక్రమును మొదటనే త్రుంచవలెను. పుట్టగనే పొడిగుడ్డతో తుడిచి తల్లి రొమ్ముపై చర్మమునకు చర్మము తగులునట్లు పడుకొనబెట్టవలెను. మొదటి స్నానము కనీసము 24 గంటలు గడచిన పిదపనే. బరువు తక్కువ బిడ్డకు ఇంకను ఆగవలెను.

వేడిమి తెలిసికొనుటకు మన అరచేయి చాలును. బిడ్డ పొట్టను, పాదములను తాకిచూడుడు. రెండును వెచ్చగా నున్నచో సరి. పొట్ట వెచ్చగా, పాదములు చల్లగా నున్నచో బిడ్డ చలితో పెనగులాడుచున్నదని గుర్తు. రెండును చల్లగా నున్నచో అపాయము. థర్మామీటరు ఉన్నచో 36.5 నుండి 37.5 సెల్సియస్ డిగ్రీల వరకు ఉండవలెను.

ఇచట బొగ్గుబెల్టు కుటుంబములకు ఒక మాట. బాలింతకు కాపడము కావలెనని గది తలుపులు మూసి, మంచము క్రింద బొగ్గుల కుంపటి పెట్టుట మన ప్రాంతమున పాత అలవాటు. గాలియాడని చోట బొగ్గు మండినచో రంగును వాసనయు లేని విషవాయువు పుట్టునని గనిలోనికి దిగువానికి ఎవరును చెప్పనక్కరలేదు. గనిలో దానిని కనిపెట్టు పరికరములు కలవు, హెచ్చరించు మనుష్యులు కలరు. పురిటిగదిలో ఎవరున్నారు? గనిలో జాగ్రత్తపడు తండ్రి ఇంటిలోను జాగ్రత్తపడవలెను. సాంబ్రాణి పొగ సంగతియు ఇంతే. పొగ వలన పసిబిడ్డ ఊపిరితిత్తులకు కీడేగాని మేలు లేదు.

కుంపటికంటె మేలైన వేడిమి తల్లి ఒడిలోనే కలదు. 1978లో కొలంబియా దేశపు రాజధాని బొగోటా నగరమున ఎడ్గార్ రే అను వైద్యుడు, శిశువులను వెచ్చగా నుంచు యంత్రపు పెట్టెలు చాలక, నెలలు నిండని బిడ్డలను తల్లుల రొమ్ముల నడుమ నిలువుగా గుడ్డతో కట్టించెను. కంగారూ తన పిల్లను సంచిలో మోయునట్లున్నదని దీనికి కంగారూ సంరక్షణయని పేరు వచ్చినది. ఇది పేదలకు మాత్రమే సరిపడు ఉపాయమని చాలకాలము తలచిరి. అది సరికాదని 2021లో తేలినది. మన దేశముతోకూడ ఐదు దేశములలో, 1 కిలో నుండి 1.8 కిలోల లోపు బరువున్న శిశువులకు పుట్టిన వెంటనే ఇట్లు చేయగా, బిడ్డ నిలకడగా కుదుటపడువరకు ఆగి ఆపైన చేసినదానికంటె మరణములు నాలుగవ వంతు తగ్గినవి. బిడ్డకు టోపీ, అంగవస్త్రము తప్ప వేరేమియు తొడుగక, దినమునకు 8 గంటలకు తగ్గకుండ, వీలైనంత ఎక్కువసేపు ఇట్లుంచవలెనని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. తల్లి అలసినపుడు తండ్రియో అమ్మమ్మయో నాయనమ్మయో ఆ పని చేయవచ్చును. మగవాని రొమ్ముకును వెచ్చదనము కలదు.

పాలు

తల్లికి మొదట వచ్చు చిక్కని పసుపుపచ్చని ముర్రుపాలను పిండి పారబోయుట, వానికి బదులు తేనెయో ఆముదమో చక్కెర నీళ్లో నాలుకకు రాయుట మన పెద్దలు ప్రేమతోనే చేసిరి. కాని ముర్రుపాలు బిడ్డకు మొదటి రక్షణ. సూక్ష్మజీవులను ఎదిరించు పదార్థములు వానిలో మెండుగా నుండును. బయటినుండి పెట్టిన తేనె, నీరు ఆ సూక్ష్మజీవులనే లోనికి కొనిపోవును. పుట్టిన గంటలోపల రొమ్ము పట్టించవలెను. శస్త్రచికిత్సతో కాన్పు అయిన తల్లియు ప్రక్కనున్నవారి సహాయముతో పాలివ్వగలదు. ఆరు నెలలు నిండువరకు తల్లిపాలు తప్ప నీళ్లయినను అక్కరలేదు.

పగలును రాత్రియు కలిపి 8 నుండి 12 మార్లు పాలివ్వవలెను. పాలు చాలుటలేదని బెంగపడు తల్లి మూత్రమును లెక్కించుకొనవచ్చును. మొదటి వారము చివరనుండి దినమునకు ఆరుమార్లకు తగ్గకుండ మూత్రము పోసిన బిడ్డకు పాలు చాలుచున్నవని అర్థము. మొదటి దినములలో బరువు కొంచెము తగ్గుట సహజము. రెండు వారములలోపల మరల పుంజుకొనవలెను. మిక్కిలి చిన్నబిడ్డ రొమ్ము చప్పరింపలేనిచో తల్లిపాలనే శుభ్రమైన గిన్నెలోనికి పిండి చెంచాతో కొలదికొలదిగా పట్టవలెను. మన పాత ఉగ్గుగిన్నె ఇందుకు చక్కగా పనికివచ్చును. అందులో పోయునది ఆముదము గాక తల్లిపాలు కావలెను. దానిని మరుగునీటిలో ఉడికించి వాడవలెను.

శుభ్రత

బిడ్డను ఎత్తుకొనువారెవరైనను ముందు సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. షిఫ్టు దిగివచ్చిన తండ్రికి బిడ్డను చూడవలెనని ఆత్రముండుట సహజము. స్నానము చేసి ఎత్తుకొనినచో ఆ ముద్దుకు లోటు రాదు. చూడవచ్చిన చుట్టములు దూరమునుండి దీవించి పోయినచో చాలును. దగ్గు, జలుబు ఉన్నవారు గడప బయటనే ఆగవలెను.

బొడ్డుపై ఏమియు పూయరాదు. పసుపు, బూడిద, పేడ, నూనె ఏదియు వలదు. పొడిగా వదలిన బొడ్డు తానే ఎండి రాలును. ఒకనాడు మొండికత్తితో కోసిన బొడ్డునుండి, దానిపై పూసిన పేడనుండి ధనుర్వాతము పుట్టి ఎందరో శిశువులు బిగుసుకొని మరణించిరి. గర్భిణులకు టీకా, కాన్పునకు శుభ్రమైన పనిముట్టు - ఈ రెంటితో 2015లో మన దేశము తల్లులలోను నవజాత శిశువులలోను ధనుర్వాతమును తుడిచివేసినదిగా గుర్తింపు పొందినది. చవకైన జాగ్రత్త ఎంత పని చేయునో చెప్పుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు. ముక్కులోను చెవులలోను నూనె పోయుట గూడ మానవలెను.

కావలి

ఈ మూడింటిని చక్కగా పాటించిన ఇంటనైనను బిడ్డకు జబ్బు రావచ్చును. అప్పుడు ప్రాణమును నిలుపునది వేళ. ఒక ఇంటిని ఊహింతము. ఆరవ దినమున బిడ్డ పాలు పట్టుటలేదు. "నిద్రమత్తులే, లేపకు" అని ఒకరందురు. తల్లికి అనుమానమే, కాని చిన్నది, నోరు విప్పలేదు. తండ్రి రెండవ షిఫ్టుకు పోయెను. రాత్రి పదకొండు దాటినగాని గనినుండి పైకి రాడు. అతడు వచ్చినపిదప చూతమందురు. వచ్చినపిదప తెల్లవారనిమ్మందురు. ఎవరియందును ప్రేమకు లోటు లేదు. కాని పసికందు శరీరమున సూక్ష్మజీవుల విషము గంటలలో వ్యాపించును. పెద్దలకువలె దినముల గడువు ఇవ్వదు.

కావున ఈ గుర్తులు ఇంటిల్లిపాదికిని తెలిసియుండవలెను. పాలు త్రాగుట మానుట లేదా బాగుగా తగ్గించుట. తట్టిలేపినను కదలకుండుట, ఏడుపు నీరసించుట. ఒళ్లు కాలుట లేదా చల్లబడుట. నిమిషమునకు 60 లేదా అంతకు మించి ఊపిరులు తీయుట, ఊపిరి తీయునపుడు డొక్కలు లోనికి పోవుట. ఫిట్స్ వచ్చుట. బొడ్డుచుట్టు ఎర్రబారుట, చీము కారుట. అరచేతులు అరికాళ్లు పసుపు రంగునకు తిరుగుట. గడియారము ఎదుట పెట్టుకొని బిడ్డ పొట్టపైకి క్రిందికి ఆడుట ఒక నిండు నిమిషము లెక్కించినచో ఊపిరి సంగతి ఎవరికైనను తెలియును. వీనిలో ఒక్కటి కనబడినను ఎవరి అనుమతికిని ఎదురుచూడక 108కి ఫోను చేసి, బిడ్డను తల్లి రొమ్మునకు హత్తించుకొని ఆసుపత్రికి కొనిపోవలెను. జబ్బుపడిన నవజాత శిశువులకు ప్రభుత్వ ఆసుపత్రులలో చికిత్స, మందులు, ప్రయాణము ఉచితముగా నుండవలెనని 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమము చెప్పుచున్నది. అది దానము కాదు, హక్కు.

కావలికి తోడుగా ఆశా కార్యకర్త వచ్చును. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ దినములలో ఆమె చూడవలెను. ఇంట పుట్టిన బిడ్డను మొదటి దినమున గూడ చూడవలెను. ఆమె రాకను మొక్కుబడిగా తలచి గుమ్మమునుండి పంపరాదు. బిడ్డను తూపించుకొనుడు. పుట్టినింటికి పోయినచో ఆ ఊరి ఆశా కార్యకర్తకు ముందుగనే కబురు చేయుడు. ఆమె రానిచో అడుగుడు.

ఈ తెలివి ప్రతి ఇంట ఉండవలసిన కారణము మరొకటి మన గోదావరియే చెప్పినది. 2022 జూలైలో వరదనీరు మంచిర్యాలలోని మాతా శిశు ఆరోగ్య కేంద్రములోనికి వచ్చినపుడు తల్లులను బిడ్డలను వేరొకచోటికి తరలింపవలసి వచ్చినది. భవనములు కావలెను, వైద్యులు కావలెను. వానిని అడుగుట మానరాదు. కాని వానవచ్చినను వరదవచ్చినను బిడ్డను విడువక నుండు ఆసుపత్రి తల్లి ఒడియే.

శ్రీరాంపూర్ క్వార్టర్లలో నేడు పుట్టుచున్న బిడ్డలకు ఎంతో అందమైన పేర్లు పెట్టుచున్నారు. మృత్యువును మాయచేయుటకు బిడ్డను పెంటపై పడుకొనబెట్టవలసిన అక్కర ఇక లేదు. పొడిగుడ్డ, తల్లి రొమ్ము, సబ్బు, గడియారము ఉన్న ఇంట ఆ పని వేరొక విధముగా జరుగును. బారసాలనాడు ఆ పేరును మూడుమార్లు పిలుచునపుడు, ఉయ్యాలలో వినుటకు బిడ్డ ఉండవలెను. మన కోరిక అంతే.